ఇంట్లో మందులు – ఇంటిముందు కారు

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



మధ్యతరగతి ఇంటికి పాత కారు ఎందుకొచ్చిందని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒకటే. "పెద్దవాళ్ళున్న ఇల్లండీ. అర్ధరాత్రి అపరాత్రి ఏ అవసరం వస్తుందో! ఆస్పత్రికి తీసుకువెళ్ళడానికి గుమ్మంలో ఒకటుంటే ధైర్యం" అంటారు. నిజమే, కాదనడానికి లేదు. కొత్తది కొనే స్తోమతు లేనివాళ్ళు పదేళ్ళనాటి చిన్న కారు కొనుక్కోవడం తప్పూ కాదు. అయితే ఏడాది తిరిగేసరికి కొన్ని ఇళ్ళలో ఒక విచిత్రం జరుగుతూ ఉంటుంది. ఏ పెద్దావిడ కోసమైతే కారు కొన్నారో, ఆ పెద్దావిడ మందుల డబ్బే కారు రిపేరుకు పోతూ ఉంటుంది. క్లచ్ ప్లేటు అరిగిపోయిందని మెకానిక్కు వేలల్లో లెక్క చెబుతాడు. ఆ నెల అత్తగారు తనంతట తానే, "నాకిప్పుడు కులాసాగానే ఉందమ్మా, రెండుపూటలా మాత్రలెందుకు, ఒక పూట వేసుకుంటాలే" అంటుంది. ఇంట్లోవాళ్ళు విని ఊరుకుంటారు. కారు మళ్ళీ కదులుతుంది. కొన్ని నెలలకు ఆ కారులోనే ఆవిడను ఆస్పత్రికి తీసుకువెళ్ళి చేరుస్తారు.

ఇందులో ఎవరికీ దురుద్దేశం లేదు. కారు ఆగితే వీధివీధంతటికీ కనిపిస్తుంది. మాత్ర ఆగితే ఎవరికీ కనిపించదు. కనిపించే ఖర్చు కనిపించని ఖర్చును మింగేస్తుంది, అంతే. అలా మింగకుండా చూడడం ఇంటి జమాఖర్చులు చూసే మన పని. ఈ రెండు ఖర్చులచేత ఒకే ఇంట్లో తగవు లేకుండా ఎలా కాపురం చేయించాలో ఈవేళ కాస్త ఆలోచిద్దాం.

మొట్టమొదట "హఠాత్తుగా వచ్చిపడిన ఖర్చు" అనే మాటను పరీక్షించి చూద్దాం. కారు బ్యాటరీ ఆయుర్దాయం సుమారు మూడునుంచి అయిదేళ్ళు. అయిదో ఏట ఒక చలికాలం పొద్దున్న సెల్ఫ్ అందుకోలేదంటే అందులో హఠాత్తు ఏముంది? షుగరున్న మనిషికి మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్ష, ఏడాదికొకసారి కళ్ళ పరీక్ష తప్పవని ముందే తెలుసు. వానలు పడగానే పిల్లలకు జ్వరాలూ దగ్గులూ వస్తాయనీ తెలుసు. ఏ రోజు వస్తుందో తెలియదుగాని, వస్తుందని తెలుసు గదా! నెల జీతంలో చూసుకుంటే అది పిడుగు. ఏడాది లెక్కలో చూసుకుంటే మామూలు ఖర్చు.

అందుకని నోటుపుస్తకం తీసి ఒక పేజీకి నిలువుగా గీత గీయండి. ఎడమపక్క "ఒళ్ళు" అనీ, కుడిపక్క "బండి" అనీ రాయండి. ఉదాహరణకు భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, బి.పి., షుగరు ఉన్న అత్తగారు, ఒక పాత చిన్న కారు ఉన్న ఇంటిని ఊహించుకుందాం. అత్తగారి మాత్రలు నెలకు 1,400 చొప్పున ఏడాదికి 16,800 రూపాయలు. పరీక్షలు నాలుగుసార్లకు 3,200. కళ్ళ పరీక్ష, కళ్ళజోళ్ళు 3,000. పిల్లల జ్వరాలకు 4,000. పళ్ళ డాక్టరుకు 3,000. ఆరోగ్య బీమా ప్రీమియం 30,000. మొత్తం 60,000, అంటే నెలకు 5,000.

ఇక కుడిపక్క. కారు ఇన్సూరెన్సు 6,000. ఏడాదికొకసారి సర్వీసుకు 7,000. నాలుగు టైర్లకు 16,000 అనుకుంటే, నాలుగేళ్ళకు సర్ది ఏడాదికి 4,000. బ్యాటరీ కూడా అలాగే సర్దితే 1,200. బ్రేకులు, క్లచ్ వంటి పెద్ద రిపేర్లకు ముందుగానే వెనకేసుకునేది 9,600. పొల్యూషన్ సర్టిఫికెట్టు, పంక్చర్లు, చిన్నాచితకా 2,200. మొత్తం 30,000, అంటే నెలకు 2,500. పెట్రోలు ఇందులో కలపలేదు. అది నెలనెలా కళ్ళెదుట కనిపించే ఖర్చే.

మీ ఇంటి అంకెలు వేరుగా ఉంటాయి. పద్ధతి మాత్రం ఇదే. నెలకు 7,500 అంటే వినగానే గుండె గుభేలుమంటుంది. కాని ఒక్క సంగతి గమనించండి. మీరు లెక్క రాసినా రాయకపోయినా ఆ డబ్బు పోతూనే ఉంది. రాయనప్పుడు అప్పుగానో, క్రెడిట్ కార్డు వడ్డీగానో, తాకట్టు పెట్టిన గాజులుగానో పోతుంది.

ఈ రెండు మొత్తాలనూ జీతం వచ్చిన రోజునే విడివిడిగా తీసి పెట్టండి. బ్యాంకులో రెండు ఖాతాలైనా సరే, బీరువాలో రెండు కవర్లైనా సరే. రెండింటి మధ్య ఒకే ఒక్క కట్టుబాటు పెట్టుకోండి. బండి డబ్బులోంచి మందులకు అప్పు ఇవ్వవచ్చు. మందుల డబ్బులోంచి బండికి దమ్మిడీ ఇవ్వగూడదు. ఈ ఒక్క మాటమీద ఇంటిల్లిపాదీ నిలబడితే సగం చిక్కు విడిపోయినట్టే.

అలాగని మందుల ఖర్చు తగ్గించుకోగూడదని కాదు. మాత్ర మానేసి తగ్గించుకోవడం వేరు, మాత్ర ధర తగ్గించుకోవడం వేరు. బి.పి. ఉన్నవాళ్ళకు ఏ బాధా లేకపోవడం రోగం పోయిన గుర్తు కాదు. పోటు పెరిగినా చాలామందికి ఏ బాధా తెలియదు. ఆపేస్తే పెరిగిన రక్తపు పోటు చప్పుడు చేయకుండా గుండెనూ, మూత్రపిండాలనూ, మెదడునూ దెబ్బతీస్తుంది. గోటితో పోయేది గొడ్డలిదాకా వస్తుంది. కనుక మాత్ర ఆపవద్దు. డాక్టరుగారిని, "ఇదే మందు జనరిక్ పేరుతో రాస్తారా అండీ?" అని మర్యాదగా అడగండి. జన ఔషధి కేంద్రాలలో బి.పి., షుగరు, కొలెస్టరాలు మందులు చాలావరకు బ్రాండు మందుల ధరలో సగానికన్నా తక్కువకే దొరుకుతాయి. ప్రాథమిక ఆరోగ్యకేంద్రాలలో బి.పి., షుగరు పరీక్షలు చేసి మందులు ఉచితంగా ఇస్తారు. అక్కడికి వెళ్ళడం చిన్నతనమేమీ కాదు.

మానేయదగిన ఖర్చులు వేరే ఉన్నాయి. ఒంట్లో నీరసంగా ఉందంటే చాలు, "ఒక సెలైను ఎక్కించండి" అని మనమే అడగడం ఒకటి. నోటితో తాగగలిగిన మనిషికి ఉప్పు వేసిన మజ్జిగా, గంజీ, ఓ.ఆర్.ఎస్. నీళ్ళూ చాలు. డాక్టరు రాయని టానిక్కులు ఇంకొకటి. తగ్గింపు ధర అని ప్రకటన చూసి ఇంటిల్లిపాదికీ చేయించే అరవై డెబ్బై పరీక్షల ప్యాకేజీలు మరొకటి. పాత రిపోర్టులు, చీటీలు తేదీలవారీగా ఒక ఫైలులో పెట్టుకుంటే, వారం క్రితం చేయించిన పరీక్షే మళ్ళీ చేయించవలసిన అవసరం చాలాసార్లు తప్పుతుంది.

ఆరోగ్య బీమా సంగతికి వద్దాం. బీమా ఉంది గదా అని మందుల కవరు ఖాళీ చేయగూడదు. మామూలు పాలసీ ఆస్పత్రిలో చేరినప్పటి ఖర్చే ఇస్తుంది. నెలనెలా వేసుకునే మాత్రలు, కళ్ళజోడు, పంటి ఖర్చు సాధారణంగా ఇవ్వదు. పాలసీ కాగితంలో గది అద్దె పరిమితి ఎంతో తప్పక చూడండి. పరిమితి దాటిన గది తీసుకుంటే తేడా అద్దె కట్టినంత మాత్రాన సరిపోదు, డాక్టరు ఫీజుల వంటి వాటిలోనూ అదే నిష్పత్తిలో కోత పడవచ్చు. ఒక మంచి సంగతి ఏమిటంటే, 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తులు, కుటుంబాలు తీసుకునే ఆరోగ్య బీమా ప్రీమియం మీద జి.ఎస్.టి. తీసేశారు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ప్రీమియం తేదీ. పాలసీ తీసుకునేనాటికే ఉన్న షుగరు, బి.పి. వంటి జబ్బులకు కొంతకాలం ఆగాలని షరతు ఉంటుంది. 2024 ఏప్రిల్ నుంచి ఆ గడువు మూడేళ్ళకు మించగూడదని నియమం వచ్చింది. ఇప్పుడు ఒక ఇల్లాలు రెండేళ్ళు ప్రీమియం కట్టిందనుకోండి. మూడో ఏడు కట్టవలసిన నెలలోనే కారు రేడియేటరు పోయింది. "ముందు కారు చూద్దాం, ప్రీమియం వచ్చే నెల కట్టవచ్చులే" అనుకున్నారు. ఏడాదికొకసారి కట్టే పాలసీకి గడువు దాటాక 30 రోజులు వెసులుబాటు ఉంటుంది. ఆ 30 రోజుల్లో జబ్బుచేస్తే కంపెనీ ఇవ్వకపోవచ్చు. అవీ దాటితే పాలసీ పోయినట్టే. కొత్తగా తీసుకుంటే ఆ రెండేళ్ళ నిరీక్షణ లెక్కకు రాదు, మళ్ళీ మొదటినుంచీ ఆగాలి. కారుకు పెట్టిన కొద్ది వేల కోసం రెండేళ్ళ రక్షణ పోయిందన్నమాట. అందుకే ప్రీమియం తేదీని క్యాలెండరులో ఎర్రసిరాతో రాసుకోండి.

ప్రభుత్వ పథకాలనూ మరవకండి. 70 ఏళ్ళు నిండిన పెద్దలకు, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఆయుష్మాన్ భారత్ కింద ఇంట్లోని ఆ వయసువారందరికీ కలిపి ఏడాదికి 5 లక్షల వైద్యం 2024 అక్టోబరు నుంచి అందుబాటులోకి వచ్చింది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీకి 2024లో ఎన్టీఆర్ వైద్య సేవ అని పేరు మార్చారు. కార్డు ఆస్పత్రి గుమ్మంలో నిలబడి వెతుక్కునేది కాదు. అత్తగారు ఆరోగ్యంగా ఉన్నప్పుడే అర్హత తెలుసుకుని చేయించి పెట్టుకోవాలి.

ఇక గుమ్మం ముందున్న కారు దగ్గరికి వద్దాం. ఇది మగవాళ్ళ వ్యవహారమని పక్కకు తప్పుకోకండి. ఇంజనాయిలు చూసుకోవడం దోసె తిరగేయడంకన్నా కష్టమేమీ కాదు. బండి చదును నేలమీద, ఇంజను చల్లగా ఉన్నప్పుడు పుల్ల బయటికి తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ పూర్తిగా దించి తీయండి. నూనె తడి రెండు గీతల మధ్య ఉంటే సరి. కూలెంటు డబ్బా మీదా అలాగే రెండు గీతలుంటాయి. వేడిగా ఉన్న రేడియేటరు మూత మాత్రం ఎంతమాత్రం తీయగూడదు, మరిగే నీళ్ళు మొహాన చిమ్ముతాయి. పదిహేను రోజులకొకసారి టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి కొట్టించండి. ఎంత ఉండాలో చాలా కార్లలో డ్రైవరు తలుపు దగ్గర అంటించిన కాగితం మీద రాసి ఉంటుంది. గాలి తక్కువైతే పెట్రోలూ ఎక్కువ తాగుతుంది, టైరూ త్వరగా అరుగుతుంది.

టైరు పక్కన నాలుగంకెలు అచ్చు వేసి ఉంటాయి. 2321 అంటే 2021వ సంవత్సరంలో 23వ వారంలో తయారైందని అర్థం. పాత కారు కొనబోయేటప్పుడు ఈ అంకెలు చూస్తే టైర్ల వయసు ఎవరూ దాచలేరు. టైరు మీది గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చవలసిందే. వానాకాలంలో నున్నబడిన టైరుతో వెళ్ళడమంటే సబ్బు నీళ్ళు పోసిన గచ్చుమీద పరుగెత్తడమే.

కారు తక్కువ తిప్పుతున్నాం గదా అని సర్వీసు మానేయవద్దు. కిలోమీటర్లు నిండకపోయినా ఏడాదికొకసారి ఇంజనాయిలు మార్చాలి. బ్రేకు ఆయిలు చాలా కార్లకు రెండేళ్ళకొకసారి. బండి నడుస్తుండగా వేడి చూపించే ముల్లు ఎర్రగీతవైపు పోతే, "ఇంకెంత, ఇల్లు రెండు కిలోమీటర్లే" అని లాక్కురావద్దు. పక్కన ఆపేయండి. అప్పుడు ఆపితే గొట్టం ముక్కతో, కూలెంటు డబ్బాతో పోవచ్చు. ఆపకపోతే ఇంజను విప్పవలసి వస్తుంది. ఇంకొక మాట. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు కలుపుతున్నారు. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన కార్లు చాలావరకు ఆ మిశ్రమాన్ని ఉద్దేశించి చేసినవి కావు. సర్వీసుకు ఇచ్చినప్పుడు పెట్రోలు గొట్టాలు, రబ్బరు వాషర్లు ఒకసారి చూడమని చెప్పండి.

కారు కాగితాలు కూడా మనిషి కాగితాలంత జాగ్రత్తగా ఉండాలి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు చట్టప్రకారం తప్పనిసరి. లేకుండా బండి తీస్తే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా గాని, మూడు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. అంతకన్నా పెద్ద భయం ఏమిటంటే, ఎదుటివాడికి దెబ్బ తగిలితే నష్టపరిహారం మన మెడకు చుట్టుకుంటుంది. 2022 జూన్‌లో ఖరారైన రేటు ప్రకారం 1,000 సి.సి. లోపు కారుకు దీని ప్రీమియం 2,094 రూపాయలు, ఆపైన 1,500 సి.సి. వరకు 3,416. పాత కారు కొన్నవాళ్ళు ఆర్.సి. బుక్కుతో పాటు ఇన్సూరెన్సు కూడా తమ పేరు మీదికి 14 రోజుల్లో మార్పించుకోవాలి. క్లెయిము లేకుండా గడిచిన ఏళ్ళకు వచ్చే బోనసు తగ్గింపు అయిదేళ్ళకు 50 శాతం దాకా పెరుగుతుంది. పాలసీ ముగిసి 90 రోజులు దాటితే అదీ పోతుంది. సొంత కారు రిజిస్ట్రేషను మొదట 15 ఏళ్ళకే ఉంటుంది. తర్వాత తనిఖీ చేయించి అయిదేళ్ళకొకసారి కొనసాగించుకోవాలి. పన్నెండేళ్ళ కారు "చవకగా" దొరికిందంటే, ఆ ఖర్చు మూడేళ్ళ దూరంలో కూర్చుని ఉందని గుర్తుపెట్టుకోండి.

చేతిలో డబ్బు తక్కువై, రెండుపక్కలా ఖర్చు ఒకేసారి వచ్చిందనుకోండి. అప్పుడు మెకానిక్కును మూడు ప్రశ్నలు అడగండి. "ఇది ఇప్పుడు చేయించకపోతే ఏమవుతుంది? ఎన్నాళ్ళు ఆగవచ్చు? మార్చిన పాత పార్టు చూపిస్తావా?" నిజాయితీగా పనిచేసేవాడు వీటికి విసుక్కోడు. ఖర్చు అంచనా కాగితం మీద రాయించుకోండి. ఆస్పత్రిలో పెద్ద పరీక్షో ఆపరేషనో చెప్పినప్పుడు మొదటి రెండు ప్రశ్నలూ డాక్టరుగారినీ అడగవచ్చు. అత్యవసరం కానప్పుడు ఇంకొక డాక్టరు అభిప్రాయం తీసుకోవడం రోగి హక్కు.

ఆ జవాబులను బట్టి వరస మీకే తేలుతుంది. రోజువారీ మందులు, ఇన్సులిను, పిల్లల టీకాలు, బీమా ప్రీమియం ఒక్కరోజు కూడా ఆగగూడదు. కారులో బ్రేకులు, టైర్లు, స్టీరింగు, లైట్లు బాగుచేయించకుండా బండి కదలగూడదు. అయితే ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. డబ్బు లేకపోతే కారును రెండు నెలలు గోడపక్కన ఆపేయవచ్చు. మనిషి గుండెను అలా ఆపిపెట్టలేం గదా! ఏ.సి. చల్లగా రాకపోవడం, తలుపు మీద గీత, గరగరమనే పాటల పెట్టె వచ్చే ఏడాదికి ఆగుతాయి. సీటు కవర్లు, పాలిషులు అసలు అక్కరలేదు.

చివరగా ఒక గట్టి ప్రశ్న. ఈ కారు మనకు నిజంగా అవసరమా? దీనికీ లెక్కే జవాబు. ఇందాకటి ఇంట్లో కారుకు ఏడాదికి 30,000, పెట్రోలుకు మరో 24,000 అనుకోండి. మొత్తం 54,000. ఏడాదిలో అరవైసార్లు బయటికి తీశారంటే ఒక్కో ప్రయాణానికి 900 రూపాయలు పడింది. అదే ప్రయాణం ఆటోలోనో టాక్సీలోనో 300తో అయిపోయేదైతే ఏడాదికి 18,000 చాలు. మిగిలిన 36,000 అత్తగారి రెండేళ్ళ మాత్రల ఖర్చుకన్నా ఎక్కువ! మరి వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కు తీసుకువెళ్ళవలసిన మనిషి ఉంటే ఏడాదికి 156 సార్లు ఆస్పత్రికి వెళ్ళిరావాలి. ఆ ఇంట్లో లెక్క తిరగబడి కారే గట్టెక్కిస్తుంది. కనుక పక్కింటివాళ్ళను చూసి కొనవద్దు, పక్కింటివాళ్ళను చూసి అమ్మనూ వద్దు. ఒక మూడు నెలలపాటు బండి తీసినప్పుడల్లా తేదీ, పని రాసిపెట్టండి. ఆ కాగితమే చెబుతుంది.

అర్ధరాత్రి అవసరం సంగతో అంటారా? 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 వాహనం ఉంది. అందులో శిక్షణ పొందిన మనిషి, ఆక్సిజను, పడుకోబెట్టే వసతి ఉంటాయి. గుండెల్లో బరువుగా నొప్పి వచ్చినా, మూతి వంకరపోయి మాట తడబడినా క్షణం ఆలస్యం చేయగూడదు. పక్షవాతంలో రక్తపు గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. ఆ సమయంలో కంగారుపడుతున్న కొడుకు నడిపే పాత కారుకన్నా 108 మేలు. గుమ్మంలో కారున్నా సరే, ముందు ఫోను చేయండి. వాహనం రావడం ఆలస్యమవుతుందని తెలిస్తే అప్పుడు కారు తీయండి. ఆ నంబరూ, దగ్గరలో రాత్రిపూట డాక్టరుండే ఆస్పత్రి నంబరూ పిల్లలకు కూడా కనిపించేటట్టు గోడమీద రాసి పెట్టండి.

ఈ ఆదివారం మధ్యాహ్నం ఒక గంట తీరిక చేసుకోండి. నోటుపుస్తకంలో గీత గీయండి. క్యాలెండరులో ఆరోగ్య బీమా తేదీ, కారు ఇన్సూరెన్సు తేదీ, పొల్యూషన్ సర్టిఫికెట్టు తేదీ, అత్తగారి పరీక్షల తేదీ గుర్తు పెట్టండి. తర్వాత మాత్రల డబ్బా తీసి, ఉండవలసినన్ని మాత్రలే ఉన్నాయా, ఎక్కువ మిగిలాయా అని లెక్కపెట్టండి. మిగిలి ఉంటే, "ఎందుకు మానేశావు?" అని కోప్పడకండి. "డబ్బు తీసిపెట్టానత్తయ్యా, మీరు వేసుకోండి" అని చెప్పండి. ఆ మాట చెప్పగలిగిన ఇంట్లో బండి కాస్త మెల్లగా నడిచినా ఫరవాలేదు.